గొంతు డబ్బా

మా మామయ్య రామదాస్ గొంతు ఒక లాప్‌టాప్‌లో ఉండేది. గొప్ప కోసం అంటున్న మాట కాదిది. కిందటేడు ఆయన గొంతులో గడ్డ లేస్తే డాక్టర్లు ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు ఒక రంధ్రం మిగిలింది. ఊపిరి దాంట్లోంచే. మాట మాత్రం పూర్తిగా పోయింది. నాందేడ్ పాత ధాన్యం బజారు జూనా మోండాలో దుకాణం నడిపిన మనిషి. గద్దె మీద కూర్చునే, వీధి చివర లారీ దించుతున్న హమాలీలను పేరుపేరునా తిట్టగలిగిన మనిషి. ఆ నోరు మూతపడితే ఇంట్లో ఏమవుతుందో ఊహించగలిగాను కాబట్టే, మాటలు ముందుగా రికార్డు చేసి పెట్టుకోమని డాక్టర్ అన్న ఒక్క ముక్కను గట్టిగా పట్టుకున్నాను.

ఆపరేషన్‌కు ముందే కొత్త లాప్‌టాప్ తెప్పించాం. స్లైడ్ మీద నేను గడులు గీశాను, గడికో మాట. గడి నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. నీళ్ళు, నొప్పి, ఆకలి, నిద్ర అని ఆస్పత్రి వాళ్ళు కొన్ని మాటలు చెప్పారు. మామయ్య వాటిని ముఖం చిట్లించుకుని చదివేసి, "సోనాలీ, గివన్ని రోగం మాటలు. నా మాటలు రాసుకో," అన్నాడు. ఇక చూడండి. "ఎవడ్రా ఆడ?" అని ఒక గడి. "కాంటా మల్లొకసారి చూడు" అని ఒక గడి. "మా కోడల్ని అడుగు, ఆమెకే ఎరుక" అని ఒక గడి. అది నేను పట్టుబట్టి చెప్పించుకున్నది. మరాఠీలో బేరం మాటలు, హిందీలో లారీ డ్రైవర్లకు తిట్లు. వంటింటి పక్క గదిలో రికార్డు చేశాం కాబట్టి కొన్ని మాటల వెనక ఇంటి చప్పుళ్ళు కూడా పడ్డాయి. మళ్ళీ చేద్దామంటే, "నేనేమన్న సిన్మా తీస్తున్ననా?" అని కసిరాడు.

ఆ గడుల్లో పై వరుస మొత్తం ఒక్క మనిషి కోసం. ఆయన అక్క సుమిత్రాబాయి, నాకు పెద్దత్త. దెగ్లూర్ అవతల మర్ఖేల్‌లో ఉంటుంది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. షుగర్ వచ్చి ఆమెకు రెండు కళ్ళూ పోయాయి. ఆపరేషన్ సంగతి అక్కకు చెప్పవద్దని మామయ్య మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఎందుకని నేను అడిగాను.

"అక్కకు నేను కనవడ గదా, సోనాలీ. వినవడుత. గంతే. గొంతు పోయిందంటే ఆమెకు నేను లేనట్టే," అన్నాడు.

ఆయన తన నోటితో నాతో అన్న ఆఖరి మాటల్లో అదొకటి.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దత్త ఫోన్ చేస్తుంది. మామయ్య ఫోన్‌ను లాప్‌టాప్ పక్కన పెట్టి, స్పీకర్ వేసి, పై వరుసలో గడులు నొక్కుతాడు. "అక్కా, మంచిగున్నవా?" "తిన్నవా?" "ఆఁ... అవునా?" "గిరాకి అచ్చిండు, మల్ల చేస్త." ఈ నాలుగు ముక్కలతో నెలల తరబడి నెట్టుకొచ్చాడు. ఎక్కువ మాట్లాడేది పెద్దత్తే కాబట్టి సరిపోయింది. "ఆఁ... అవునా?" ఎక్కడ నొక్కాలో ఎంత బాగా తెలుసుకున్నాడంటే, పక్కనే నిలబడి చూస్తున్న నాకే అది నిజమైన మాటలా అనిపించేది.

అలాంటి దాని మీద మా ఆయన అభయ్ చెయ్యి వేశాడు. కొత్త వెర్షన్ వచ్చింది వేసుకోండి అని లాప్‌టాప్ కొన్నాళ్ళుగా మూలన ఒక ముక్క చూపిస్తూనే ఉంది. నేను 'తర్వాత' నొక్కుతూ వచ్చాను. అభయ్‌కి ఏదైనా మూలన మెరుస్తూ ఉంటే చేతులు ఊరుకోవు. నేను స్నానానికి వెళ్ళిన కాసేపట్లో 'ఇప్పుడే' నొక్కేశాడు. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, ఆగాయి, మళ్ళీ మొదటి నుంచి తిరిగాయి. ఒక పూటంతా తనను తాను రిపేరు చేసుకుంటున్నానని చెప్పి చెప్పి, చివరికి నీలం తెర వేసుకుని కూర్చుంది. డిస్కుకు తాళం పడింది, రికవరీ కీ కొట్టు అంటుంది. కొట్టకపోతే మళ్ళీ చుక్కలు, మళ్ళీ అదే నీలం తెర. తిప్పి తిప్పి అక్కడికే తెస్తుంది. లోపలికి పోనివ్వదు, వెనక్కి పోనివ్వదు.

మాటలన్నీ ఇంకోచోట దాచి ఉంటే ఇంత గోల లేదు. పెన్‌డ్రైవ్‌లో వేయమని నేను ఎన్నోసార్లు అన్నాను. "రేపు" అన్నాడు అభయ్. మొదట రికార్డు చేసిన ఫోన్‌లో ఉండాలి కదా అంటే, జాగా లేదని అందులోంచి తుడిచేసింది కూడా ఆయనే. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు ఆయన ముఖం చూస్తే నా చేతిలో చపాతీ కర్ర ఉండటం మంచిది కాదనిపించింది.

మామయ్య వచ్చి ఆ నీలం తెరను చూశాడు. రెండు మూడు చోట్ల వేలితో నొక్కి చూశాడు. కొడుకును తిట్టాలన్నా తిట్టే గడి అందులోనే ఉండిపోయింది. లేచి మేడెక్కి, తన గదిలోకి వెళ్ళి లోపల గొళ్ళెం వేసుకున్నాడు. ఇక బయటికి రాలేదు. గడప దగ్గర కంచం పెడితే ఎవరూ లేనప్పుడు తీసుకుంటాడు, ఎవరూ లేనప్పుడు బయట పెడతాడు. తలుపు కొట్టి పిలిస్తే పలకలేడు కదా. అత్తమ్మ లీలాబాయి ఏడుపు ఆపుకోలేక, "ఉన్నరా? ఉన్నరో లేరో అదన్న చెప్పుండ్రి!" అని తలుపు బాదితే, లోపలి నుంచి స్టీలు గ్లాసుతో గోడ మీద ఒక్క దెబ్బ. టక్. ఉన్నానని. అంతకు మించి ఏమీ లేదు.

అలాగని మేమేదో బయట తిరుగుతున్నామని కాదు. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్యలో చీకటి మెట్లు. ఎండాకాలం. రేకుల కింద గాలి ఆడదు. ఎవరం గట్టిగా మాట్లాడినా పైకి వినిపిస్తుందని గుసగుసలే. పెద్దత్త ఫోన్లకు జవాబు చెప్పే పని నా మెడకు చుట్టారు. "అబద్ధమాడుడు నీకు మంచిగ అస్తది, నువ్వే ఎత్తు," అంది అత్తమ్మ. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు. స్నానం చేస్తున్నారన్నాను. మోండాలో వేలం ఉందన్నాను. భోకర్ పోయారన్నాను. ఒక్కో అబద్ధం చెప్పినప్పుడల్లా తర్వాతి రోజుకు చెప్పడానికి ఒకటి తగ్గిపోయేది.

చివరికి పెద్దత్త నా మాట సాంతం వినకుండానే అంది. "సోనాలీ, రేపు గూడ వాని గొంతు వినవడకపోతే ఎల్లుండి పొద్దుగాల బస్సుకు అస్త. ఎవలన్న చెయ్యి పట్టుకోని ఎక్కిస్తరు."

ఆమె వస్తే మా అబద్ధం బయటపడుతుందని కాదు నా భయం. చూపులేని ఆ మనిషి మెట్లు తడుముకుంటూ ఎక్కి, ఆ తలుపు ముందు నిలబడి "రామూ" అని పిలుస్తుంది. లోపలున్న ఆయన ఏమని పలుకుతాడు? అక్క ముందు గ్లాసు కొట్టుకుంటాడా? ఆ తలుపు ఇక ఆయన బతికుండగా తెరుచుకోదని నాకు గట్టిగా అనిపించింది. లాప్‌టాప్ తెరిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. వేరే దారి నాకు కనిపించలేదు.

మర్నాడు పొద్దున నందకిషోర్‌ను పిలిపించాం. కంప్యూటర్ల రిపేరు చేస్తాడు, మోండాలోనే పెరిగాడు. మరాఠీ ఇంటివాడే కానీ మాతో మా భాషే మాట్లాడతాడు, నన్ను వదినా అనడానికి మాత్రం వహినీ అంటాడు. పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి చూశాడు, ఇంకొకటి పెట్టి చూశాడు.

"వహినీ, మిషన్ ఏం ఖరాబ్ కాలే. అప్‌గ్రేడ్ సగంల ఆగింది, గంతే. ఎనకటి వెర్షన్‌కు మళ్ళించొచ్చు, దానికి లోపల్నే దారి ఉన్నది. గని ఆ దారికి గూడ గిదే తాళం. కీ కొడితేనే పోనిస్తది. కీ లేకుంట నేను కాదు గదా, దీన్ని చేసినోడు అచ్చినా తెరవలేడు."

"మరి ఎట్ల?" అన్నాను.

"ఫార్మాట్ కొట్టి ఇస్త. సాయంత్రం వరకు మంచిగ నడుస్తది. లోపలియి మాత్రం అన్ని పోతయి."

అభయ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేంది మరి, కొట్టెయ్యి. బాపుతోని మల్ల రికార్డు చే..." అని ఆగిపోయాడు. నందకిషోర్ తల దించుకుని వైరు చుట్టుకున్నాడు. అభయ్ లేచి గోనెల వెనక్కి పోయి అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. అప్పుడు మాత్రం నాకు ఆయన మీద కోపం పోయింది.

"కొన్ననాడు ఒక నంబర్ చూపించి రాసుకొమ్మని ఉంటరు, వహినీ. యాది చేసుకోండ్రి," అన్నాడు నందకిషోర్.

చప్పున గుర్తొచ్చింది. ఆ రోజు నంబరు తెర మీద పెట్టి నేను కాగితం కోసం చూస్తుంటే, మామయ్య నా ఫోన్ లాక్కున్నాడు. "కాగితం ఎలుకలు కొడ్తయి. నా నోరు ఉండంగ కాగితమెందుకు?" అని, మోండాలో బస్తాలు లెక్కపెట్టే రాగంలో ఆ నంబరు మొత్తం చదివి ఇంటి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు మాట. వెతికితే దొరికింది. పెళ్ళి పిలుపులకూ గుడ్ మార్నింగ్ పూలకూ కింద ఎక్కడో పాతుకుపోయి ఉంది.

నందకిషోర్ ముఖం వెలిగింది. కీ కుదిరాక ఏ మెనూలోకి పోవాలో, ఎక్కడ నొక్కితే పాత వెర్షన్‌కు మళ్ళుతుందో నాకు చూపించి, వేరే పని ఉందని వెళ్ళాడు. మధ్యలో కరెంటు పోకుండా చూసుకొమ్మని మరీ మరీ చెప్పాడు.

మెసేజ్ నొక్కాను. దుకాణం నిండా మామయ్య గొంతు. గడుల్లో వినీ వినీ అలవాటైన ఆ నాలుగు ముక్కలు కాదు, అప్పటికప్పుడు మాట్లాడుతున్న మనిషి గొంతు. మొదటి మాట వినగానే అత్తమ్మ రెండు చెవులూ మూసుకుంది. "నాతోని కాదు. ఆయనకు మాత్రం వినవడనియ్యకు, సోనాలీ. గుండె పగుల్తది," అని మేడెక్కిపోయింది. సౌండు తగ్గించి, ఫోన్‌ను చెవికి ఆనించుకుని రాసుకోవడం మొదలుపెట్టాను.

"లాభం, నాలుగు, సున్న, ఏడు, రెండు, మూడు... ఆరు, లాభం, లాభం, లాభం, సున్న, అయిదు..."

మామయ్య నోట 'లాభం' అన్నది ఆగకుండా వచ్చే మాట. పొద్దున షట్టర్ ఎత్తుతూ లాభం అంటాడు, గోనె మూతి విప్పుతూ లాభం అంటాడు. కొందరు కూర్చుంటూ లేస్తూ రామ రామ అన్నట్టు. ఆ మాటలు వదిలేసి అంకెలు రాసుకున్నాను. మధ్యలో ఒకచోట లారీ హారన్ పెద్దగా మోగి కాసేపు ఏదీ తెలియలేదు. చివర్లో ఆయన నవ్వుతూ, "అయిపాయె. ఇగ ఎవలన్న తాళం పోగొడితే నన్నడుగుండ్రి," అన్నాడు. అది విని నేను ఫోన్ బోర్లా పెట్టి, ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

నీలం తెర అడుగుతున్నది నలభై ఎనిమిది అంకెలు. నాకు వచ్చినవి నలభై ఒకటి. మళ్ళీ విన్నాను, అంతే. అభయ్‌ను పిలిచి వినిపించాను, ఆయనకూ అంతే. ఇద్దరం ఒకే నిర్ణయానికి వచ్చాం. మిగతావి హారన్ కింద పడిపోయాయి. హారన్ మోగినంత సేపట్లో ఏడు అంకెలు పడతాయా అని అనుమానం వచ్చింది కానీ, వేరే ఏమనుకోవాలో తెలియలేదు. ఆ ఏడింటి చోట ఇంటి నంబరు కొట్టి చూశాం, లారీ నంబరు కొట్టి చూశాం. కీ తప్పు అంటుంది. ఆ తెరకు కోపం లేదు, విసుగు లేదు. ఎన్నిసార్లు కొట్టినా అదే ముక్క, అంతే మర్యాదగా. నాకు దాని మీద చెప్పు విసరాలనిపించింది.

"వదిలెయ్యి, సోనాలీ," అన్నాడు అభయ్. "ఆత్యకు నిజం చెప్పేద్దం." మేనత్తను ఆయన అలాగే పిలుస్తాడు.

"నువ్వు చెప్తవా?"

అంకెల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"పైకి పోయి బాపుకు చెప్తవా, నీ గొంతు ఇగ రాదని?"

కాగితం విప్పి మళ్ళీ నా ముందు పెట్టాడు. నేను మెసేజ్ మళ్ళీ నొక్కి, ఈసారి సౌండు పెంచి, హారన్ కింద ఏమన్నా దొరుకుతుందేమోనని బల్ల మీద పెట్టి వంగి వింటున్నాను. అప్పుడే మామయ్య ఫోన్ మోగింది. అది కూడా కిందే, లాప్‌టాప్ పక్కనే ఉంటుంది. తెర మీద 'అక్క'. భోజనాల వేళ దాటిపోయిందని అప్పుడు తెలిసింది. ఎత్తకపోతే ఆమె బస్సెక్కుతుంది. ఎత్తి ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. ఎత్తాను. నా ఫోన్ ఆపాలన్న ధ్యాస కూడా లేదు. దాంట్లో మామయ్య ఖంగుమంటూ చదువుతూనే ఉన్నాడు.

"లాభం, నాలుగు, సున్న, ఏడు..."

అవతల పెద్దత్త ఊపిరి మాత్రం వినిపించింది.

"పెద్దత్తా?" అన్నాను.

"ఎవలు కొలుస్తున్నరు?" అంది. గొంతు ఎప్పటిలా లేదు.

"మామయ్యే. శనగలు అచ్చినయి, కొలిపిస్తున్నడు. అందుకే ఫోన్..."

"గదేం కొలుసుడు?" అని నవ్వింది. ఆ నవ్వులో తడి ఉందని నాకు తర్వాత తట్టింది. "లాభం అయినంక నాలుగేంది? రెండు గదా రావాలె."

నా చేతిలో పెన్ను ఆగింది. "లాభం అయినంక రెండేంది, పెద్దత్తా?"

"అయ్యో బిడ్డా, నీకు గిది గూడ ఎరుకలేదా?"

నాకెట్లా తెలుస్తుంది? మా నాన్న బోధన్‌లో బస్ కండక్టర్. మా ఇంట్లో ఒకటి అంటే ఒకటే. అభయ్ గద్దె ఎక్కేసరికి కరెంటు కాంటాలు వచ్చేశాయి, చేత్తో కొలిచి లెక్కపెట్టే పని ఆయన ఎన్నడూ చేయలేదు.

"గింజలు కొలిసేటప్పుడు ఒకటి అనరు, బిడ్డా. ఒకటి అంటే ఒంటిది, వెనుక ఇంకోటి రాదు. అందుకని లాభం అంటరు. లాభం, రెండు, మూడు, నాలుగు. మా బాపు పాయిలితోని జొన్నలు కొలుస్తుంటే నేను లెక్కపెడుదును. వీడు నా చంకల ఉండి నేనన్నదల్ల అనేటోడు. అమ్మా అనకముందు లాభం అన్నడు వాడు. ఇప్పటికి గూడ వాని నోట్లె ఒకటి అనే మాట రాదు, ఎన్నడన్న విన్నవా?"

వినలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఎన్నడూ వినలేదు, గమనించనూ లేదు. నా ఫోన్‌లో మెసేజ్‌ను మళ్ళీ మొదటికి తిప్పాను. ఆరు, లాభం, లాభం, లాభం, సున్న, అయిదు. ఆరు, ఒకటి, ఒకటి, ఒకటి, సున్న, అయిదు. నేను వదిలేసిన లాభాలు లెక్కపెట్టాను. సరిగ్గా ఏడు. హారన్ కింద ఏమీ లేదు, ఉత్త హారనే.

"పెద్దత్తా, గిరాకి అచ్చిండు, మల్ల చేస్త," అనేసి ఫోన్ పెట్టేశాను. పెట్టాక గానీ తెలియలేదు, అది మామయ్య గడిలోని మాట.

అంకెలు ఒక్కొక్కటే కొట్టాను. అభయ్ పక్కన నిలబడి పైకి చదివాడు, ఒకటి వచ్చిన చోటల్లా లాభం అంటూ. ఎంటర్ నొక్కాను. నీలం తెర ఒక్క క్షణం ఆలోచించి పక్కకు తప్పుకుంది. మెనూ వచ్చింది. నందకిషోర్ చూపించిన చోటికి పోయి, పాత వెర్షన్‌కు మళ్ళించమని నొక్కాను. మళ్ళీ ఆ చుక్కలు. తిరిగాయి, ఆగాయి, మళ్ళీ తిరిగాయి. ఈసారి కూడా తిప్పి అక్కడికే తెస్తుందేమోనని నేను కుర్చీ దిగలేదు. గిరాకీలు వస్తే అభయ్ చేత్తో సైగ చేసి పంపించేశాడు. వీధిలో నీడలు పొడుగయ్యే వేళకు తెర నల్లబడి, మళ్ళీ వెలిగి, నాకు తెలిసిన పాత బొమ్మ కనిపించింది. మూలన నేను పెట్టిన ఫైలు. తెరిచాను. గడులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

"ముందు పెన్‌డ్రైవ్‌ల ఎయ్యి," అన్నాడు అభయ్. ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. వేశాను, రెండింటిలో.

తర్వాత సౌండు పూర్తిగా పెంచి ఒక గడి నొక్కాను.

"ఎవడ్రా ఆడ?"

మెట్ల గోడలు అదిరాయి. ఎదురు దుకాణం వాడు అలవాటుగా లేచి నిలబడ్డాడు. పైన అత్తమ్మ ఏదో గిన్నె పడేసింది. ఆ తర్వాత, మేము ఇన్నాళ్ళూ చెవులు పెట్టుకుని ఎదురుచూసిన చప్పుడు వినిపించింది. గొళ్ళెం తీసిన చప్పుడు.

మామయ్య ఒక్కో మెట్టూ పట్టుకుని దిగాడు, వెనకే అత్తమ్మ. గడ్డం తెల్లగా పెరిగిపోయింది, మెడకు కట్టుకున్న గుడ్డ మాసిపోయింది. ఎవరి వైపూ చూడకుండా వచ్చి గద్దె మీద కూర్చుని, లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు. కొడుకును పైకీ కిందికీ చూసి, లారీ డ్రైవర్లకు పెట్టుకున్న హిందీ తిట్లలో పెద్దది ఒకటి ఏరి నొక్కాడు. అభయ్ సంతోషంగా తిట్టించుకున్నాడు. తర్వాత నా వైపు చూసి ఇంకో గడి నొక్కాడు.

"మా కోడల్ని అడుగు, ఆమెకే ఎరుక."

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది?

అక్కకు ఫోన్ కలపమని వేలితో చూపించాడు. కలిపి, స్పీకర్ వేసి, బల్ల మీద పెట్టాను. ఒక్క రింగుకే ఎత్తింది. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టుంది.

"అక్కా, మంచిగున్నవా?" నొక్కాడు మామయ్య.

"మంచిగున్న, తమ్మీ."

"తిన్నవా?"

ఆ మాట వెనకే సన్నగా, రికార్డు చేసిన నాటి మా కుక్కర్ విజిల్. నాకది అలవాటైపోయి ఎప్పుడో చెవికి ఆనడం మానేసింది.

పెద్దత్త కొంచెం ఆగింది. "తిన్న గని, రామూ, ఆ కుక్కర్ దించమని చెప్పు రా లీలకు. ఎన్ని నెలల సంది ఉడుకుతున్నదా పప్పు?"

మామయ్య వేలు గాల్లోనే ఆగిపోయింది. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తిన్నవా అన్నప్పుడల్ల అదే విజిల్," అంది పెద్దత్త మెల్లగా. "మంచిగున్నవా అన్నప్పుడల్ల అదే దగ్గు, లీలది. నాకు కండ్లు పోయినయి గాని చెవులు పోలేదు గద, తమ్మీ. నీ గొంతు పోయి డబ్బాల పడ్డదని నాకు ఎప్పుడో ఎరుకైంది. నువ్వు చెప్తలేవు, నేను అడుగుతలేను. డబ్బా అన్న మాట్లాడుతుంది గద అనుకున్న. ఈ నడుమ డబ్బా గూడ లేకపాయె. సోనాలి రోజుకో కత చెప్తుండె. నువ్వే లేవేమో, నా నుంచి దాస్తున్నరేమో అని మస్తు భయమైంది రా నాకు."

మామయ్య గడుల మీద చూపు పరిగెత్తించాడు. పై వరుస, కింది వరుస, తిట్లు, బేరాలు. అందులో ఏదీ దీనికి జవాబు కాదు. ఆయన రికార్డు చేసిన నాడు ఈ మాట అవసరపడుతుందని మాలో ఎవరికీ తోచలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డంలోకి పోతున్నాయి. మెడ గుడ్డ కింద ఊపిరి బుసబుస కొట్టింది.

"వినవడుతుంది," అంది పెద్దత్త. "అది డబ్బాది కాదు, నీదే. డబ్బా ఉన్నా లేకున్నా రోజు ఫోన్ ఎత్తు. నేను మాట్లాడుత. నువ్వు ఉన్నవని తెలిస్తే చాలు నాకు. ఉన్నవా, రామూ?"

మామయ్య లాప్‌టాప్ మూత దించాడు. ఫోన్‌ను దగ్గరికి జరుపుకున్నాడు. వేలి కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టాడు.

టక్.

"లాభం," అంది పెద్దత్త, రెండో టక్ కోసం ఆగింది.